లేబులా, పుల్లలా: సీనియమ్మాళ్ గారి సోమవారం తీర్పులు

1978వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి సీనియమ్మాళ్ గారు కోవిల్‌పట్టిలో ఎట్టయాపురం దారిలో ఉన్న మన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు నింపే పనిలో చేరారు. చేరిన రోజు సోమవారం కావడం కాకతాళీయమే అయినా, తరువాతి కాలంలో ఆ వారానికీ ఆమె పేరుకూ ఏర్పడిన అనుబంధాన్ని తలచుకుంటే, ఎవరో కోరి పెట్టిన ముహూర్తమే అనిపిస్తుంది. ఈ 2006 మే నెలాఖరున ఆమె పదవీ విరమణ చేశారు. ఈ నడుమ కాలంలో ఆమె చేతుల మీదుగా ఎన్ని పెట్టెలు నిండాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎన్ని సినిమాలు ఖాళీ అని తేలాయో మాత్రం హాలులో కూర్చుని పనిచేసిన ప్రతి ఒక్కరికీ గుర్తుంది.

సీనియమ్మాళ్ గారి పుట్టినిల్లు వత్రాప్ దగ్గర కొండ కింద కొబ్బరి తోటల నడుమ ఉన్న పల్లె. మెట్టినది విరుదునగర్‌కు ఆవల, వాన పడితేనే పంట చూసే నల్లరేగడి పల్లెలో. భర్త మాయాండి గారు పత్తి, మిరప వేసే రైతు. అత్తగారు సుబ్బమ్మాళ్ గారు మాట తక్కువ మనిషి. ఆమెకు సంతోషమో కోపమో తెలుసుకోవాలంటే గిన్నెలు దింపే చప్పుడు వినాలని కోడలు తరువాతి రోజుల్లో నవ్వుతూ చెప్పేవారు. పెళ్లయి కొన్నేళ్లు గడిచినా సీనియమ్మాళ్ గారికి సంతానం కలగలేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకపోయినా బంధువుల్లో ఎత్తేవారికి కొదవ లేకపోయింది. మాయాండి గారి మేనత్త అయితే ఆయనకు రెండో పెళ్లి చేయడానికి ఒక పిల్లను కూడా చూసి ఉంచి, సుబ్బమ్మాళ్ గారి జవాబు కోసం కాచుకుని ఉండేది. సుబ్బమ్మాళ్ గారు దానికి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనమే కోడలికి భయంగా ఉండేది.

ఆ ఊరి ఆడవాళ్లకు ఉన్న ఒకే ఒక వేడుక విరుదునగర్‌లో మధ్యాహ్నం ఆట సినిమా. అయితే ఊరికి తిరిగి వచ్చే చివరి బస్సు సాయంత్రం ఐదు గంటలకే బయలుదేరేది, ఆట ముగిసేది ఆ తరువాత. అందుచేత ఆ ఊరి ఆడవాళ్లు ఎన్నో సినిమాలు చూశారు గాని ఒక్క సినిమాకైనా ముగింపు చూడలేదు. ఈ చిక్కుకు వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. విశ్రాంతి సమయంలో గుంపులోని పెద్దామె బయటికి వెళ్లి, అక్కడ మురుకులు అమ్మే పాండియమ్మాళ్ దగ్గర అందరికీ మురుకులు కొనేది. ప్రతి ఆటా తలుపు పక్కన నిలబడి చూసే పాండియమ్మాళ్, మురుకులతో పాటు ముగింపు కూడా ఆ పెద్దామె చెవిలో వేసి పంపేది. తెర మీద కథానాయకుడు కత్తి దూసే వేళకు వీళ్లు కొంగులు నడుముకు దోపుకుని బస్సుకు పరుగెత్తేవారు. బస్సు పట్నం దాటాక పెద్దామె వెనక్కి తిరిగి కూర్చుని మిగిలిన కథ చెప్పేది. దానికి ‘బస్సు ముగింపు’ అని పేరు. కథ తేలే దాకా డ్రైవరు కూడా హారన్ మోగించేవాడు కాదట. చాలా కాలం ఆ పెద్దామె సుబ్బమ్మాళ్ గారే. ఇంట్లో నోరు విప్పని మనిషి బస్సులో మాత్రం కథ చెప్పేదంటే, విన్నవాళ్లు నమ్మేవారు కాదు.

1975 వేసవిలో వాళ్లొక సినిమాకు వెళ్లారు. పెద్ద నటులెవరూ లేని సినిమా. వారం తిరగకుండానే ఎత్తేశారు. కథ ఒక నేతగాళ్ల ఇంటిది. భర్త సంపాదన కోసం కొలంబో వెళ్లి కబురు లేకుండా పోతే, కోడలు మగ్గం నేసి, చూపు లేని అత్తను పోషిస్తుంది. ఏళ్లు గడిచాక ఒక రోజు అతడు రెండో భార్యను వెంటబెట్టుకుని వచ్చి తలుపు తడతాడు. సరిగ్గా అక్కడే వీళ్లు లేవవలసి వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో సుబ్బమ్మాళ్ గారు ముగింపు చెప్పారు. చూపు లేని అత్త తడుముకుంటూ వచ్చి తలుపు తీసి, కొడుకు ముఖాన్ని రెండు చేతులతో తడిమి చూసి, “ఈ ముకం నాకు తెలీదు. నా బిడ్డ లోపల మగ్గం మీద ఉండాది” అని తలుపు మూసేస్తుంది. లోపల మగ్గం చప్పుడు మళ్లీ మొదలవుతుంది. కథ అంతే. ముందు సీటులో కూర్చున్న మాయాండి గారి మేనత్త ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. సీనియమ్మాళ్ గారు మాత్రం అదేమీ గమనించలేదు. ఆమె మనసంతా ఆ మూసిన తలుపు దగ్గరే నిలిచిపోయింది.

ఆ తరువాత మేనత్త ఆ పిల్ల మాట ఎత్తలేదు. రెండేళ్లకు సీనియమ్మాళ్ గారికి జోతిలక్ష్మి పుట్టింది. వానలు వరుసగా మొహం చాటేయడంతో కుటుంబం కోవిల్‌పట్టి చేరింది. మనవరాలిని సుబ్బమ్మాళ్ గారి ఒడిలో ఉంచి, కోడలు మన ఫ్యాక్టరీ గేటు లోపలికి అడుగుపెట్టారు.

పనిలో ఆమె నేర్పును గురించి ఎక్కువ రాస్తే ఆమెకే నచ్చదు. తలలకు మందు అద్ది చట్రాల నుంచి విడదీసిన పుల్లలను పిడికిట తీసి, ఒక తట్టు తట్టి పెట్టెలోకి జార్చే పని అందరూ చేసేదే. కొత్తగా చేరిన పిల్లల వేళ్లు మందు తగిలి మండుతుంటే, కొబ్బరి నూనె రాసి, రెండు రోజులు వాళ్ల వంతు పని తాను కూడా లాగేవారన్నది మాత్రం రాయక తప్పదు. ఆ నూనె సీసా ఇప్పటికీ హాలు కిటికీలో ఉంది. సుబ్బమ్మాళ్ గారు 1986లో కన్నుమూసినప్పుడు తప్ప సీనియమ్మాళ్ గారు వరుసగా రెండు రోజులు సెలవు పెట్టిన జ్ఞాపకం ఎవరికీ లేదు.

1991లో యాజమాన్యం మధ్యాహ్న భోజనాల షెడ్డులో టీవీ పెట్టించింది. అప్పటికే కొందరి ఇళ్లల్లోనూ టీవీలు వచ్చాయి. ఆదివారం సాయంత్రం వేసిన సినిమాను సోమవారం ఉదయం హాలులో తూర్పారబట్టడం అలా అలవాటయింది. ఏ సినిమాను జనం నెత్తిన పెట్టుకున్నారు, అందులో అంత విషయం ఉందా? దేన్ని జనం పట్టించుకోలేదు, అందులో ఏమైనా ఉందా? చేతులు పుల్లల మీద, నోళ్లు సినిమాల మీద ఆడేవి. వాదన ముదిరితే అందరూ ఒకరి వైపు తిరిగేవారు, ఆ ఒకరు సీనియమ్మాళ్ గారు.

ఆమె తీర్పు మన పని మాటల్లోనే ఉండేది. శివకాశిలో అచ్చయిన లేబుల్ మెరుస్తూ ఉండి లోపల పుల్లలు పలచగా ఉంటే అది లేబుల్ సినిమా. పైన లేబుల్ వెలిసిపోయి, లోపల నిండుగా ఉంటే అది పుల్లల సినిమా. గీస్తే రాజుకున్నట్టే రాజుకుని ఆరిపోయేది చెమ్మ సినిమా. హాలులో ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయాన్ని ఒక పెట్టెతో తెలిపేవారు: ఖాళీ పెట్టె పెడితే లేబుల్, నిండు పెట్టె పెడితే పుల్లలు. కడపటి పెట్టె సీనియమ్మాళ్ గారిది. ఒక సినిమాను తూచడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. చూస్తున్నప్పుడు ఏడ్చావా, నవ్వావా అని అడిగేవారు కాదు. మరునాడు పొయ్యి ముందు కూర్చున్నప్పుడు అది తలపుకు వచ్చిందా అని అడిగేవారు. పొయ్యి దగ్గరికి రాని సినిమా, ఎన్ని రోజులు ఆడినా, లేబులే.

తీర్పుల్లో ఆమెకు పక్షపాతం లేదనడం అబద్ధమవుతుంది. భర్త రెండో భార్యను తెచ్చే సినిమా ఏదైనా సరే, సగం కథ వినగానే ఆమె ఖాళీ పెట్టె పెట్టేసేవారు. ఎంతటి నటుడైనా, ఎన్ని పాటలున్నా, ఆ నేరానికి ఆమె దగ్గర విచారణ లేదు.

1994లో శ్రీ రంగరాజన్ గారు సూపర్‌వైజరుగా వచ్చారు. వచ్చిన మొదటి వారమే హాలులో మాటలు ఆపాలని చెప్పారు. మాటలు ఆగాయి. హాలు గుడిలా నిశ్శబ్దమైంది. భోజనాల తరువాత గోడవారగా కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే కునుకు తీయసాగారు. నిండిన పెట్టెల బుట్టలు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా కదిలాయి. మూడో సోమవారం రంగరాజన్ గారే వచ్చి, కాసేపు అటూ ఇటూ తిరిగి, నిన్నటి సినిమా గురించి ఏమనుకుంటున్నారని సీనియమ్మాళ్ గారిని అడిగారు. అది ఆయన ఎంతో అభిమానించే నటుడి సినిమా. ఆమె తన చేతిలోని ఖాళీ పెట్టెను ఆయనకు అందించారు. ఆయన దాన్ని తెరిచి చూసి, మూసి, జేబులో వేసుకుని వెళ్లిపోయారు. ఆ తరువాత మాటలు ఆపమని ఎవరూ అనలేదు.

కేబుల్ వచ్చాక సీరియళ్లు వచ్చాయి. సాయంత్రం పని దిగి ఇంటికి చేరేసరికి ఊరంతా ఒకే ఏడుపు వినిపించే రోజుల్లో, అందరూ మెచ్చిన ఒక సీరియల్‌కు ఆమె చెమ్మ అని తీర్పు చెప్పారు. ఎందుకని అడిగితే, “అంత కన్నీళ్లలో ఏ పుల్ల అంటుకుంటాది?” అన్నారు. దానికి బదులుగా, టీవీలో అందరూ కట్టేసే పొలం పనుల కార్యక్రమాన్ని పుల్లల వరుసలో చేర్చారు. ఒక గొర్రెకు గిట్టల జబ్బు వస్తే డాక్టరు వచ్చి చూస్తాడు, మందు పూస్తాడు, గొర్రె నడుస్తుంది. ఏమి జరిగిందో చూసినవాళ్లకు తెలుస్తుంది, ఎవరూ పాట పాడరు అని ఆమె వాదన. మారీశ్వరి అనే పిల్ల ఆ మాట విని నవ్వుతూ నవ్వుతూ పుల్లల పళ్లెం ఒళ్లో బోర్లించుకుంది. ఆ వారం హాలులో సగం మంది ఆ గొర్రెను చూశారు.

ఇంతటి తీర్పరికి ఎదురు నిలిచినవారు ఒక్కరే, లేబుళ్లు అతికించే వరుసలోని శ్రీమతి పేచ్చియమ్మాళ్ గారు. వరుసకు ఒకరికొకరు వదినామరదళ్లు. ఎగతాళికి కొరత ఉండేది కాదు. ఎవరు ఏ సినిమాను మెచ్చుకున్నా సీనియమ్మాళ్ గారు చివరికి ఆ నేతగాళ్ల సినిమానే ఎత్తేవారు. లోకంలో జనం చేతిలో అన్యాయమైపోయిన సినిమా ఏదైనా ఉంటే అదేనని, దాని ముగింపు లాంటి ముగింపు మరో సినిమాలో లేదని, ఆ మూసిన తలుపుతోనే మిగతా అన్నిటినీ తూచాలని అనేవారు. ఆ సినిమాను హాలులో ఇంకెవరూ చూడలేదు. అది టీవీలో ఎన్నడూ రాలేదు. పేచ్చియమ్మాళ్ గారికి అదే పట్టు దొరికింది.

“ఎవురూ చూడని పడాన్ని మెచ్చుకోవడం సులువు వదినె. నేను కూడా మా ఊళ్లో ఒక పడం చూస్తి, దేవలోకంలో తీసినారు అంటా, నమ్ముతావా?” అనేవారు ఆమె.

సినిమాను ‘పడం’ అనడం మన వాడుక. ఆ ఎగతాళికి సీనియమ్మాళ్ గారు నవ్వి ఊరుకునేవారు. కాని ఒకసారి పేచ్చియమ్మాళ్ గారు మరో మాట అన్నారు: “కొలిచే గిన్నెకే అడుగు లేకపోతే, ఇన్నేళ్లూ నువ్వు కొలిచినాది ఏమి?”

దానికి సీనియమ్మాళ్ గారు నవ్వలేదు. ఆ పడం ఎప్పుడైనా టీవీలో వచ్చి, అది లేబుల్ అని తేలితే, తాను అందరి ముందూ ఒప్పుకుని, సోమవారం కడపటి పెట్టె పెట్టే హక్కు పేచ్చియమ్మాళ్‌కే ఇచ్చేస్తానని మాట ఇచ్చారు. సాక్షులు హాలు మొత్తం. ఏళ్లు గడిచాయి, పడం రాలేదు.

పదవీ విరమణకు నెల ముందు రంగరాజన్ గారు పత్రిక పట్టుకుని హాలులోకి వచ్చారు. ఒక ఛానెల్‌వాళ్లు పాత సినిమాలు వేస్తున్నారు. మే ఇరవై ఎనిమిది, ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా ఉంది. హాలు హోరెత్తింది. యజమాని గారు ఆదివారమైనా సరే భోజనాల షెడ్డు తెరిపిస్తామన్నారు. ఆమె పనిచేసే చివరి వారానికి ముందు రోజు అది. ఇంటికి వెళుతూ దారిలో సీనియమ్మాళ్ గారు మాయాండి గారితో, ఆ పడం రాకపోయి ఉంటేనే బాగుండేదేమో అన్నారట. ఇన్నేళ్ల తీర్పులన్నీ ఒక మధ్యాహ్నం ఆట మీద ఆధారపడి ఉన్నాయని ఆమెకు తెలుసు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. యజమాని గారి ఇంటి నుంచి గుగ్గిళ్లు వచ్చాయి, పేచ్చియమ్మాళ్ గారు వేరుశెనగ మిఠాయి తెచ్చి ముందుగా సీనియమ్మాళ్ గారికే పెట్టారు. మాయాండి గారు ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. జోతిలక్ష్మి గారు తల్లి పక్కనే కూర్చున్నారు. సినిమా మొదలైన కాసేపటికే అందరికీ ధైర్యం వచ్చింది. బాగానే ఉంది. కోడలు మగ్గం ముందు కూర్చుని ఒక్కొక్క దారం వేస్తుంటే, చేతి పని తెలిసిన వాళ్లందరూ వంగి చూశారు. అత్తకు అన్నం కలిపి పెట్టే చోట పేచ్చియమ్మాళ్ గారు ముక్కు చీదడం కూడా కొందరు విన్నారు.

కొడుకు వచ్చి తలుపు తట్టాడు. ఆ క్షణాన సీనియమ్మాళ్ గారు ఉన్నపళాన లేచి నిలబడి, కొంగు నడుముకు దోపుకున్నారు. ఎన్నో ఏళ్ల కిందటి అలవాటు కాళ్లలో అలాగే ఉండిపోయింది. షెడ్డంతా నవ్వింది.

“అమ్మా, బస్సు లేదు, కూర్చో” అని జోతిలక్ష్మి గారు చెయ్యి పట్టి లాగారు.

ఆమె కూర్చుని, ఆ సినిమా ముగింపును జీవితంలో మొదటిసారి చూశారు. తెర మీద తలుపు తీసింది అత్త కాదు, కోడలు. తీసి, భర్త కాళ్లకు మొక్కింది. రెండో ఆమె కాళ్లకు నీళ్లు తెచ్చి పోసింది. ఒక పాట పాడింది. పాట చివర మగ్గం పక్కన ఒరిగి ప్రాణం విడిచింది. ఎక్కడో గుడి గంటలు మోగాయి. అత్తకు చూపు వచ్చింది. వచ్చిన చూపుతో ఆమె కొడుకునూ కొత్త కోడలినీ తనివితీరా చూసి దీవించింది. శుభం పడింది.

వెనక నుంచి మారీశ్వరి మెల్లగా, “పావం, సగం చీర మగ్గం మీదే నిలిచిపోయె గదా” అంది. దానికి నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పేచ్చియమ్మాళ్ గారు ఒక్క ఎగతాళి మాటైనా అనకుండా మిఠాయి పొట్లం మడిచి లేచారు. ఆమె ఏదైనా అని ఉంటేనే తేలికగా ఉండేదని సీనియమ్మాళ్ గారు తరువాత అన్నారు.

సోమవారం ఉదయం హాలులో చేతులు ఆడుతున్నాయి గాని నోళ్లు లేవలేదు. రంగరాజన్ గారే ముందుగా మాట్లాడారు. టీవీవాళ్లు ప్రకటనల కోసం సినిమాలను ఎక్కడపడితే అక్కడ కత్తిరిస్తారని, కొన్ని సినిమాలకు ఊరికొక ముగింపు తీసేవారని, ఆమె చెప్పినది అసలైనది అయి ఉండవచ్చని అన్నారు. ఆయన ఆమెకు ఒక దారి చూపించారని అందరికీ అర్థమైంది. ఆమె తల ఊపితే చాలు, చర్చ ముగుస్తుంది, మాట నిలుస్తుంది, ఆఖరి రోజైన బుధవారం పూలమాల వేసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఆమె తల ఊపలేదు. ఆ ముగింపు విరుదునగర్‌లో పాండియమ్మాళ్ చెప్పినదని, పాండియమ్మాళ్ చెప్పిన మిగతా ముగింపులన్నీ తరువాత టీవీలో తాను సరిచూసుకున్నానని, ఒక్కటి కూడా తప్పు కాలేదని నెమ్మదిగా చెప్పారు. మరి ఈ ఒక్కటే ఎలా తప్పింది అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. అంటూండగానే పుల్లల్లో ఉన్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ చెయ్యి పని మధ్యలో ఆగడం హాలులో ఎవరూ చూసి ఎరుగరు.

“ఆ రోజు అత్త మురుకు తినలే” అన్నారామె. “అందరికీ తెచ్చి ఇచ్చె, తన మురుకు నా చేతిలో పెట్టె. ముకం చూస్తి, ఏడ్చినట్టు ఉండె. పడం కోసం అనుకుంటి.”

ఆ రోజు బస్సులో మాయాండి గారి మేనత్త కూడా ఉందని, ముందు సీటులోనే కూర్చుందని చెప్పారు. ఆ మేనత్త చూసి ఉంచిన పిల్ల సంగతి పాతవాళ్లకు తెలుసు; తెలియనివాళ్లకు పక్కవాళ్లు చెవిలో చెప్పారు. పాండియమ్మాళ్ సరిగ్గానే చెప్పింది. విశ్రాంతి సమయంలో ఆ ముగింపు విన్న సుబ్బమ్మాళ్ గారు, బస్సు ఎక్కేలోగా దాన్ని మార్చేశారు. బంధువులకు ఇవ్వవలసిన జవాబు, ఇంట్లో ఎన్నడూ పైకి చెప్పని జవాబు, ఆ బస్సులో అందరి ముందూ చెప్పారు. కోడలు దాన్ని సినిమా అనుకుంది.

సీనియమ్మాళ్ గారు ఒక ఖాళీ పెట్టె తీసి అందరికీ కనిపించేలా ముందు పెట్టారు.

“పడం లేబులే. పేచ్చీ, నువ్వు గెలిస్తివి, ఇక కడపటి పెట్టె నీది” అన్నారు. “కానీ ఇన్నేళ్లూ నేను కొలిచినాది ఆ పడంతో కాదు, మా అత్తతో. ఆమెను ఎవురూ గొప్ప అనలే. పక్కనే ఉండి నేను కూడా అనలే.”

పేచ్చియమ్మాళ్ గారు లేబుళ్ల వరుస నుంచి లేచి వచ్చారు. ఆమె చేతిలోనూ ఒక ఖాళీ పెట్టె ఉంది. ఓటు వేయడానికి ఉదయమే తెచ్చి పెట్టుకున్నది. సీనియమ్మాళ్ గారి పళ్లెంలోంచే ఒక పిడికెడు పుల్లలు తీసి, తట్టి, దాన్ని నింపి మూశారు. నింపడం ఆమె పని కాదు కనుక రెండు పుల్లలు వంకరగా బయటికి పొడుచుకు వచ్చాయి. ఆ పెట్టెను ఖాళీ పెట్టె పక్కన పెట్టి, “ఇది పడానికి కాదు” అని మాత్రం అన్నారు.

తరువాత మారీశ్వరి లేచి ఒక పెట్టె పెట్టింది. ఒక్కొక్కరే లేచారు. రంగరాజన్ గారు పెట్టె కోసం జేబు తడుముకుని, అడిగి ఒకటి తీసుకున్నారు. అన్నీ నిండు పెట్టెలే. ఆ సోమవారం పని కొంత ఆలస్యమైనందుకు ఎవరూ ఏమీ అనలేదని ఇక్కడ కృతజ్ఞతతో తెలియజేస్తున్నాము.

కొత్త తీర్పరి పేచ్చియమ్మాళ్ గారు మరునాడే మొదటి ఉత్తర్వు ఇచ్చారు. ఇకపై హాలులో ఎవరు సినిమా కథ చెప్పినా రెండు ముగింపులు చెప్పాలి, ఒకటి తెర మీదిది, రెండోది బస్సుది. సినిమా లేబులో పుల్లలో తేల్చేది రెండోది విన్నాకే. మంగళవారం నాడు మారీశ్వరి తన మొదటి బస్సు ముగింపు చెప్పింది; అందులో నేతగాళ్ల కోడలు సగంలో ఆగిన చీర నేసి ముగించి, అత్తకు కట్టింది. చెమ్మ అని తీర్పు పడిన ఆ సీరియల్‌కు కూడా ఒక బస్సు ముగింపు సిద్ధమవుతోందని, అందులో గొర్రెల డాక్టరు కూడా వస్తాడని తెలుస్తోంది.

బుధవారం సాయంత్రం సీనియమ్మాళ్ గారు మెడలో మాలతో, చేతిలో సగం వాడిన నూనె సీసాతో గేటు దాకా వెళ్లి, సీసాను తిరిగి తెచ్చి కిటికీలో పెట్టి వెళ్లారు.

ఇకమీదట ఆమె అందుకోవలసిన చివరి బస్సు ఏదీ లేదు. కనుక ప్రతి సినిమానూ శుభం పడేదాకా కాళ్లు చాపుకుని కూర్చుని చూసే తీరిక, ఆ చూడడానికి తగిన చూపు, ఆరోగ్యం, నచ్చకపోతే ఖాళీ పెట్టె ఎత్తి చూపే చేతి బలం ఆమెకు నిండు నూరేళ్లూ ఉండాలని కోరుకుంటున్నాము. పక్క కుర్చీలో మాయాండి గారు, ఎదురుగా జోతిలక్ష్మి గారి పిల్లలు కూర్చుని ఆమె చెప్పే ముగింపులు వింటూ ఉండాలని, ఆ ముగింపులు సుబ్బమ్మాళ్ గారి ముగింపంత నిబ్బరంగా ఉండాలని మనసారా ఆశిస్తున్నాము. సోమవారం నాడు ఈ దారిన వస్తే ఆమె గేటు దగ్గర ఎవరికీ తన పేరు చెప్పుకోవలసిన పని లేదు. తలుపు తడితే చాలు, ఆ ముఖం మా అందరికీ తెలుసు.

పెట్టెలు నింపే వరుస తరఫున,
కలైసెల్వి